బ్యాంకులో 15 లక్షలుంటే అది మిగులేనా?

ప్రశ్న: మాది అనంతపురం. బుద్ధిమాంద్యం ఉన్న పెద్ద పిల్లల కోసం మేం కొందరు తల్లిదండ్రులం కలిసి సెక్షన్ 8 కంపెనీ (లాభం కోసం కాకుండా సేవ కోసం పెట్టే కంపెనీ) పెట్టుకుని, ఒక అద్దె ఇంట్లో హోమ్ నడుపుతున్నాం. మొత్తం పన్నెండు మంది ఉన్నారు, అందరూ ఇరవై ఏళ్లు దాటినవాళ్లే. వంటకూ, పగలూ రాత్రీ చూసుకోవడానికీ ఏడుగురు పనిచేస్తున్నారు. నేను రిటైర్డ్ టీచర్‌ని, డైరెక్టర్లలో ఒకదాన్ని. లెక్కలు నేనే రాస్తాను. 2025-26లో వచ్చినవి: నెలకు 14,000 చొప్పున ఫీజులు 20,16,000. ఏప్రిల్‌లో కొత్తగా చేరిన నలుగురి దగ్గర తలా లక్ష డిపాజిట్, 4,00,000. తాడిపత్రి వైపు ఒక ఫ్యాక్టరీవాళ్లు సోలార్‌కూ వ్యానుకూ ఇచ్చిన సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధి) 6,00,000. ఊళ్లో విరాళాలు 1,80,000. ఐదుగురు పిల్లల పింఛన్లు 3,60,000. మొత్తం 35,56,000. ఖర్చు 26,60,000. అంటే 8,96,000 మిగిలింది. మార్చి 31న బ్యాంకులో 15,20,000 ఉంది. దాంతో మా ఛైర్మన్ గారు తలా 50,000 వెనక్కి ఇచ్చేద్దాం, లేదంటే ఫీజు తగ్గిద్దాం అంటున్నారు. పనివాళ్లేమో జీతం పెంచమంటున్నారు. అమెరికాలో ఉన్న ఒకరి అబ్బాయి మూడు లక్షలు పంపుతానంటున్నాడు. ఆడిటర్ గారు ఇంకా సంతకం పెట్టలేదు. సెప్టెంబర్‌లో మీటింగ్. ఫీజును విరాళంగా రాసి 80జీ రసీదు (విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను తగ్గింపు కోసం ఇచ్చేది) ఇవ్వమని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. లెక్కల కాగితం జతచేశాను. అందరికీ ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, అనంతపురం

సమాధానం:

అమ్మా, ముందు అసలు మాట చెప్పేస్తాను. మీ హోమ్‌కు పోయిన సంవత్సరం మిగల్లేదు. 1,64,000 లోటు వచ్చింది. లెక్క తప్పు రాశారని కాదు, మీరు పంపిన కాగితంలో ప్రతి రూపాయీ సరిగ్గానే ఉంది. కానీ ఆ డబ్బు ఎవరిదన్నది అందులో లేదు. వచ్చిందంతా ఒకే వరసలో రాసి కూడారు. అందులో కొంత తల్లిదండ్రులది, కొంత పిల్లలది, కొంత ఆ ఫ్యాక్టరీ చెప్పిన పనికే వాడాల్సింది. ఆ మూడూ తీసేశాక ఉన్నదే హోమ్‌ది.

డిపాజిట్ సంగతి ముందు చూద్దాం. పిల్లవాడు హోమ్ వదిలి వెళ్లేటప్పుడు ఆ లక్ష తిరిగి ఇస్తామని చెప్పే తీసుకున్నారు కదా? అయితే అది ఆదాయం కాదు, మీరు తీర్చాల్సిన బాకీ. బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు కూర్చోవాలి. ఆ 4,00,000 తీసేస్తే మిగులు 4,96,000కు దిగుతుంది. పాత ఎనిమిది మంది డిపాజిట్లు కూడా వెనకటి సంవత్సరాల్లో ఇలాగే ఆదాయంలో రాశారని మీ కాగితం వెనక చిన్నగా రాసి ఉంది. దాన్ని దాచకండి. గత సంవత్సరాల సవరణగా ఈ ఏడాది లెక్కల్లో విడిగా చూపించమని ఆడిటర్‌ని అడగండి. ఇంకో మాట, ఈ డిపాజిట్లకు ఒప్పంద పత్రం ఉందా? సేవ ఒప్పందం కింద తీసుకున్న సెక్యూరిటీ డిపాజిట్‌కు కంపెనీల డిపాజిట్ నిబంధనల్లో మినహాయింపు ఉంది. ఏ కాగితమూ లేకుండా తీసుకున్న లక్ష చూసేవాళ్లకు చేబదులులా కనిపిస్తుంది, దానికి ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు. పన్నెండు మందితోనూ ఒప్పందం రాయించుకోండి: ఎంత, దేనికి, ఎప్పుడు తిరిగి ఇస్తారు, పాడైనవాటికి ఏమైనా పట్టుకుంటారా అన్నవి అందులో ఉండాలి.

సీఎస్ఆర్‌లో సోలార్‌కు 2,20,000 పెట్టారు. వ్యాను ఇంకా కొనలేదు, 3,80,000 అలాగే ఉంది. అది వ్యాను డబ్బు. దాన్ని బియ్యానికో జీతాలకో వాడితే ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన మాట తప్పినట్టే, రేపు వాళ్లు వినియోగ పత్రం (డబ్బు దేనికి వాడారో చెప్పే కాగితం) అడిగితే సంతకం పెట్టలేరు. ఇదీ తీసేస్తే మిగులు 1,16,000. సోలార్‌కు పెట్టింది ఒక్క ఏడాది ఖర్చు కాదు, ఆస్తి. దాన్నీ, దానికొచ్చిన గ్రాంటునూ పుస్తకాల్లో ఎలా చూపాలో ఆడిటర్‌కు తెలుసు. నేను అడిగేది వేరే. ఇల్లు అద్దెది. ప్యానెళ్లు హోమ్‌వనీ, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని తీసుకెళ్తామనీ ఇంటి ఓనర్‌తో రాయించుకున్నారా?

ఇక పింఛన్లు. నాకు అన్నిటికన్నా ఎక్కువ పట్టింపు ఉన్నది ఇక్కడే. ఒకటో తేదీ పొద్దున సచివాలయం ఉద్యోగి వస్తాడు, పిల్లవాడి వేలిముద్ర తీసుకుంటాడు, పన్నెండు ఐదొందల నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. పక్కన నిలబడ్డ ఆయమ్మ ఆ నోట్లు తీసుకుని హోమ్ క్యాష్ పెట్టెలో వేస్తుంది. సాయంత్రం మీరు క్యాష్ బుక్‌లో జమ రాస్తారు. దొంగతనం ఎవరూ చేయలేదు, డబ్బు పిల్లల ఇంట్లోనే ఉంది. కానీ ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 ప్రభుత్వం ఇస్తున్నది ఆ మనిషికి, మీ కంపెనీకి కాదు. అతని వేలిముద్రతో వచ్చిన డబ్బు అతని డబ్బే. 3,60,000లో బట్టలకూ చెప్పులకూ ఊరెళ్లే ఛార్జీలకూ వాళ్ల మీద పెట్టింది 80,000 అని రాశారు. మిగిలిన 2,80,000 ఆ ఐదుగురిది. అది తీసేస్తే 1,16,000 మిగులు పోయి 1,64,000 లోటు తేలుతుంది.

ఈ ఐదుగురికీ తలా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. సంతకం పెట్టలేని వాళ్లకు నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టర్ గారి అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమిస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను బ్యాంకులు తీసుకోవాలి. బ్రాంచిలో తెలియదంటే మేనేజర్‌ని కలిసి రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ఉందని చెప్పండి. ఖాతా వచ్చేదాకా ఒక్కొక్కరి పేరుతో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఒకటో తేదీ జమ, ఆ నెలలో ఏం కొన్నారు, ఎంత మిగిలింది, అంతే. ఆ పుస్తకం వాళ్లకు అందేచోట ఉండాలి. కూడికలు రాకపోయినా 'ఇది నా డబ్బు, నాకు ఎర్ర చొక్కా కావాలి' అని చెప్పగలిగినవాళ్లు మీ హోమ్‌లో తప్పకుండా ఉంటారు. వాళ్లను అడిగే కొనండి.

ఇప్పుడు బ్యాంకులో ఉన్న 15,20,000ను ఇదే కంటితో చూడండి. పన్నెండు మంది డిపాజిట్లు 12,00,000. వ్యాను డబ్బు 3,80,000. పిల్లలది 2,80,000. కలిపితే 18,60,000. మీ దగ్గర ఉన్నది 15,20,000. అంటే మీరు పట్టుకుని ఉండాల్సిన దానికన్నా 3,40,000 తక్కువ ఉంది. ఇన్నేళ్లుగా లోటు వచ్చినప్పుడల్లా డిపాజిట్లు కరిగాయి, కొత్తగా చేరేవాళ్లు తెచ్చే లక్షలతో అది బయటపడలేదు. పన్నెండు మందీ ఒకేసారి వెళ్లిపోరు, నిజమే. కానీ ఒకే ఏడాదిలో నలుగురు వెళ్లాల్సి వస్తే? తల్లిదండ్రులకు వయసు మీద పడుతోంది, ఎవరో ఒకరు బెంగళూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతారు. అప్పుడు తలా లక్ష ఎక్కడి నుంచి ఇస్తారు?

కాబట్టి ఛైర్మన్ గారి మాట కుదరదు. కుదరదన్నది నా అభిప్రాయం కాదు, చట్టం. సెక్షన్ 8 కంపెనీ సభ్యులకు లాభం పంచకూడదు. నిజంగా మిగిలినా సరే, కంపెనీ ఏ ఆశయం కోసం పుట్టిందో దానికే పెట్టాలి. తలా 50,000 అంటే 6,00,000, పేరు ఏది పెట్టినా అది పంపకమే. సభ్యులైన తల్లిదండ్రులకు మాత్రమే ఫీజు తగ్గించడం కూడా దాదాపు అలాంటిదే, ఆదాయపు పన్ను వాళ్లు దాన్ని సభ్యులకు చేసిన మేలుగా చూస్తారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, కాగితం మీద దాదాపు తొమ్మిది లక్షలు కనిపిస్తే ఎవరికైనా అనిపిస్తుంది. ఆయనకు మీటింగ్‌లో కాకుండా ముందే, ఇంటికి వెళ్లి ఈ లెక్క చూపించండి.

మరి ఫీజు ఎంత ఉండాలి? జీతాలు 11,40,000, అద్దె 3,60,000, తిండి 5,20,000, మందులు 1,10,000, కరెంటూ ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లూ 1,30,000, మిగతావి 1,00,000. హోమ్ నడవడానికి అయ్యేది 23,60,000. ఒక్కొక్కరికి నెలకు దాదాపు 16,400 పడుతోంది, మీరు తీసుకుంటున్నది 14,000. ఆ తేడాలో సగానికి పైగా ఊరివాళ్ల విరాళాలు పూడుస్తున్నాయి, మిగిలింది డిపాజిట్లు పూడుస్తున్నాయి.

జీతాల విషయంలో నేను పనివాళ్ల వైపే. ఏడుగురికి నెలకు కలిపి 95,000 అంటే సగటున 13,600. రాత్రి మూర్ఛ వచ్చిన పిల్లవాణ్ని పక్కకు తిప్పి పట్టుకుని కూర్చునే మనిషికి అది చాలదు. అలాంటి మనిషి మానేస్తే కొత్తగా వచ్చినవాళ్లకు పిల్లలు అలవాటు పడటానికి నెలలు పడుతుందని మీకే బాగా తెలుసు. పది శాతం పెంచితే ఏడాదికి 1,14,000 అదనం. విరాళాలు ఇలాగే వస్తాయనుకుంటే, ఫీజు 16,000 చేస్తే జీతాల పెంపుతో సహా ఏడాది సరిగ్గా సరిపోతుంది, 10,000 మాత్రం మిగులుతుంది. 16,500 చేస్తే 82,000 మిగులుతుంది. కరిగిన 3,40,000 పూడ్చడానికి అప్పుడు కూడా నాలుగేళ్లు దాటుతుంది. నేనైతే 16,500 అడుగుతాను, వచ్చే అక్టోబర్ నుంచి.

ఒకేసారి 2,500 పెంచితే కొందరికి భారమే. అన్ని కుటుంబాలూ ఒక్కలాంటివి కావు. నిజంగా ఇవ్వలేని కుటుంబం ఉంటే, సంరక్షకుడి రాతపూర్వక ఒప్పుకోలుతో, పిల్లవాడికి కూడా చెప్పి, అతని పింఛన్‌లోంచి ఆ 2,500 ఫీజు కింద తీసుకుని రసీదు ఇవ్వవచ్చు. 3,500 అతని ఖాతాలో ఉంటుంది. ఇది ఆఖరి దారి మాత్రమే, అందరికీ రూలుగా పెట్టకండి. పింఛన్ రాని మిగతా ఏడుగురిలో అర్హత ఉన్నవాళ్లు ఉంటే సదరం సర్టిఫికెట్‌తో (వైకల్య శాతం చూపేది) సచివాలయంలో అడగమనండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకంలో ఏడాదికి లక్ష దాకా వైద్య బీమా ఉంది. మీ మందుల ఖర్చులో కొంతైనా అక్కడి నుంచి రాబట్టుకోవచ్చు.

కొందరు తల్లిదండ్రులు ఫీజును విరాళంగా రాసి 80జీ రసీదు ఇవ్వమంటున్నారని కూడా అడిగారు. ఇవ్వకండి. ఫీజు అంటే అందుకున్న సేవకు కట్టిన డబ్బు, విరాళం కాదు. వాళ్లు పాత పన్ను విధానంలో ఉంటే 80డీడీ (వైకల్యం ఉన్నవాళ్లను పోషించే కుటుంబాలకు ఇచ్చే పన్ను తగ్గింపు) కింద 75,000, వైకల్యం 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000 తగ్గింపు వాళ్లకు ఎలాగూ ఉంది. ఆ దారి చూపించండి. నిజమైన విరాళాల్లో కూడా 2,000 దాటి నగదుగా ఇస్తే 80జీ వర్తించదు, ఫోన్‌పేలోనో చెక్కుతోనో తీసుకోండి.

పన్ను సంగతికి వస్తే, ఈ తప్పు వరస మీకు అక్కడ కూడా చేటు చేస్తుంది. మీకు 12ఏబీ (సేవా సంస్థలకు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే) రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఆదాయంలో 85 శాతం ఆశయానికి ఖర్చు పెట్టాలి. డిపాజిట్లూ పింఛన్లూ ఆదాయంగా చూపిస్తే 35,56,000కు 85 శాతం అంటే 30,22,600. మీరు పెట్టింది 26,60,000. తక్కువ పడింది కాబట్టి మిగతా డబ్బు దేనికి ఆపుకున్నారో చెప్పి ఫారాలు వేసుకోవాలి, లేదా పన్ను కట్టాలి. సరిగ్గా రాస్తే ఆదాయం 27,96,000, దానికి 85 శాతం 23,76,600. సోలార్‌తో కలిపి హోమ్ ఖర్చు 25,80,000. ఏ ఇబ్బందీ లేదు. 2025-26 లెక్కలకు ఇంకా 1961 నాటి చట్టమే. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి మొదలైంది కాబట్టి వచ్చే ఏడాది సెక్షన్ల నంబర్లు మారి కనిపిస్తాయి, కంగారు పడొద్దు.

జీఎస్టీ గురించి మీరు అడగలేదు గానీ, మీ ఫీజులు 20 లక్షలు దాటాయి. 12ఏబీ ఉన్న సంస్థ తీవ్రమైన శారీరక, మానసిక వైకల్యం ఉన్నవాళ్లను చూసుకునే సేవకు మినహాయింపు ఉంది. అక్కడ 'తీవ్రమైన' అన్న మాట ముఖ్యం. పన్నెండు మంది వైకల్య సర్టిఫికెట్లు, శాతంతో సహా, ఒక ఫైలులో పెట్టి, మినహాయింపు ఏ ఆధారంతో తీసుకున్నారో ఆడిటర్ చేత ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి.

అమెరికా అబ్బాయి మూడు లక్షలు: ముందు అతని పాస్‌పోర్ట్ అడగండి. ఇంకా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, పాస్‌పోర్ట్ కాపీతో తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) మీద ఉంటే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల అనుభవం, ఆ మూడేళ్లలో ఆశయం మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి, ఖాతా ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరవాలి. నాన్న ఖాతాలో వేస్తాను, నాన్న మీకు ఇస్తాడు అంటాడు, చాలామంది అంటారు. ఒప్పుకోకండి. మూడు లక్షల కోసం హోమ్‌నే ఇరకాటంలో పెట్టుకున్నట్టవుతుంది.

తేదీలు త్వరగా చెప్పేస్తాను. సాధారణ సమావేశం సెప్టెంబర్ 30 లోపు, సెక్షన్ 8 కంపెనీకి 14 రోజుల ముందు నోటీసు చాలు. ఆదాయపు పన్నుకు ఇచ్చే ఆడిట్ రిపోర్టు కూడా సెప్టెంబర్ 30కే, మీ స్థాయికి ఫారం 10బీబీ. ఆదాయపు పన్ను రిటర్ను ఐటీఆర్-7 అక్టోబర్ 31. సమావేశం అయిన 30 రోజుల్లో ఏఓసీ-4 (లెక్కల ఫారం), 60 రోజుల్లో ఎంజీటీ-7 (కంపెనీ వార్షిక రిటర్ను). ఈ రెండూ ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు వంద రూపాయలు, పరిమితి లేదు. 200 రోజులు ఆలస్యమైతే 40,000 పోతుంది, దాదాపు మీ హోమ్ నెల తిండి ఖర్చు.

మీటింగ్‌లో బ్యాలెన్స్ షీట్ చదవకండి, ఎవరికీ ఎక్కదు. తెలుగులో ఒకే పేజీ కాగితం వేయించి పంచండి. పైన 'మన దగ్గర ఉన్న 15,20,000 ఎవరిది' అని రాసి, కింద తల్లిదండ్రులది, పిల్లలది, వ్యానుది అని మూడు వరసలు, ఆ పక్కన మనకు తక్కువ పడింది 3,40,000 అని. ఆ తర్వాత ఒక్కొక్కరికి నెల ఖర్చు 16,400 ఎలా అయ్యిందో చూపించండి. మీ టీచర్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఎవరైనా కోప్పడితే వాదించొద్దు, ఆ కాగితంలో ఏ అంకె తప్పో చూపించమని అడగండి.

ఈలోపు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వ్యాను డబ్బు వేరే ఖాతాలోకి మార్చండి. మార్చి 31 లెక్క ప్రకారం అదీ, పిల్లల డబ్బూ పక్కన పెట్టాక 8,60,000 ఉంటుంది. నెల ఖర్చుకు రెండు లక్షలు చేతిలో ఉంచుకుని మిగతా 6,60,000 డిపాజిట్ల పేరుతో ఎఫ్‌డీ చేయండి. ఇద్దరు డైరెక్టర్ల సంతకం లేకుండా అది కదలకుండా చూడండి. వ్యాను ఎందుకు ఆలస్యమైందో, ఎప్పటికి కొంటారో చెబుతూ, సోలార్ బిల్లుల కాపీలు జతచేసి, ఆ ఫ్యాక్టరీ సీఎస్ఆర్ విభాగానికి ఈ వారమే ఉత్తరం పంపండి. వాళ్లు అడిగాక కన్నా మీరు ముందు రాస్తే గడువు పెంచడం వాళ్లకూ తేలిక.